బొరుగులు

కర్నూలు పెద్దాసుపత్రిలో
కింద వార్డులో నేను, పై వార్డులో హుసేన్‌బీ.
కోత మిషన్ నా కుడిచేతి బొటనవేలు, చూపుడు వేలు తీసుకున్న
తొమ్మిదో రోజుకి మౌలాలి పుట్టినాడు.
మెట్లెక్కి పోయి నిలబడితి.
కట్టున్న చేయి చాచాలనా, కట్టులేని చేయి చాచాలనా?
పీరమ్మ జేజి అనింది, "వాన్నే అడుగు."
ఎడమచేతి చిటికెనవేలు వాని అరచేతిలో పెట్టినా.
కండ్లు తెరవకుండానే మూసినాడు,
తలుపుకు గడియ పడినట్టు.

బేతంచెర్లకు వచ్చినాక
హుసేన్‌బీ మూడు నెలలకే బండలు మోసే పనికి పాయ.
ఇంట్లో మేమిద్దరం, పని లేని మొగోళ్లం.

ఒకనాడు వానికి వాని పిడికిలే దొరికింది.
పూటంతా దాన్నే చూసినాడు,
బస్సులో ఎవరో మర్చిపోయిన సంచిని చూసినట్టు.
తిప్పినాడు. నోట్లో పెట్టుకున్నాడు. మళ్లీ చూసినాడు.
పక్కన గోడకానుకోని
నేనూ నా చేతిని అట్లే చూస్తాంటి.

జేజి ఉయ్యాల తాడుకు
పాత తాళంచెవులు, ఎర్ర గుడ్డపీలిక కట్టింది.
మొదట చేయి తగిలింది పొరపాటున.
రెండోసారి అనుమానంగా.
మూడోసారి కావాలనే.
ఆ పొద్దంతా మా ఇంట్లో
బీగమే లేని బీరువా తెరుచుకుంటానే ఉంది.

కూర్చోబెడితే కూర్చునే రోజులొచ్చినాయి.
స్టీలు గ్లాసు ఈ చేతినుంచి ఆ చేతికి మారింది,
వాడే బిత్తరపోయి వదిలేసినాడు.
నాపరాయి మీద గ్లాసు పడితే ఎంత శబ్దమో
బండలు కోసే నాకే తెలీదు.
ఇంక పడేసుడే పని.
పడేస్తాడు, వింటాడు, నా మొగం చూస్తాడు.
తీసిస్తా. పడేస్తాడు.
ఆ వారం నేను వంగినన్నిసార్లు
మసీదులో కూడా వంగలేదు.
వంగి తీసి, వంగి తీసి
నా ఎడమచేతికి గ్లాసు పట్టు కుదిరింది.
అది నేను చూసుకోలేదు, జేజి చూసి చెప్పింది.

ఎడమచేత్తో కూడు తింటే మా నాయన కొట్టేవాడు.
చచ్చిపోయి పన్నెండేండ్లయినా
తలుపు దగ్గరికేసే తింటాంటి సంగటి.
మౌలాలికి కుడి లేదు, ఎడమ లేదు.
రెండు చేతుల్తో, గడ్డంతో, ఒక చెవితో తిన్నాడు.
ఆ రోజు తలుపు మూయడం మరిచిపోతి.

తొమ్మిదో నెలలో
నేను పాలిష్ పట్టిన నల్లబండ మీదనే
జేజి పిడికెడు బొరుగులు చల్లింది.
అరచేత్తో దున్నినాడు, ఊడ్చినాడు.
పిడికిలి మూసి, తెరిచి చూస్తే ఏమీ లేదు.
ఎంగిలివేళ్లకు అంటిందేదో నోట్లోకి పోయింది గానీ
దాన్ని పట్టినాడని అనలేం.
వారం దినాలు ఇదే సేద్యం.
మిగిలింది చీమలు కోసుకుపోయేవి.

కరెంటు పోయిన ఒక మధ్యాన్నం
వాని బొటనవేలు ముందుకొచ్చి
చూపుడువేలికి ఎదురుగా నిలబడింది.
మధ్యలో ఒకే ఒక్క బొరుగు.
వాడు ఊపిరి కూడా తీసుకోలేదనుకుంటా.
ఆ రెండు వేళ్లే.

నేనూ బోర్లా పడుకుంటి.
ఎడమచేత్తో ఒకటి పట్టబోతే జారె. ఇంకోటి నలిగె.
వాడు నావైపు చూసి, తనది తాను తిని,
ఇంకోటి ఎట్ల పట్టాలో మెల్లగా చూపించినాడు.
మెల్లగా చూపించినాడనే అంటా నేను.

సాయంత్రం హుసేన్‌బీ వచ్చేసరికి
తలంతా రాతిదుమ్ము, కాళ్ల కింద బొరుగులు.
"ఇల్లు ఊడ్చే చేతులు ఒక్కటన్నా లేవా ఈ ఇంట్లో?"
మాకిద్దరికీ వినబడలేదు.
ఏమనుకున్నాడో, మౌలాలి
ఒక బొరుగు నాకు చాచినాడు.
కుడి అరచేయి పట్టినా, మూడు వేళ్లది.
తెచ్చి ఆనించినాడు.
విడవడం ఇంకా రాదు వానికి.
వెనక్కి తీసుకున్నాడు.
మళ్లీ చాచినాడు.
మూడుసార్లు ఇచ్చినాడు,
మూడుసార్లూ ఇయ్యలేదు.
నాలుగోసారికి బొరుగు మెత్తగా నానిపోయి
దానంతటదే
వేళ్లు లేని చోట అంటుకునింది.