తలుపు ఇవతల

వల్పరాయిసోలో మెట్ల మలుపు దగ్గర నా అచ్చుకొట్టు.
సీసం అక్షరాలు, కాలితో తొక్కే యంత్రం,
నలభై ఏళ్ళుగా తెల్లబడని గోళ్ళు.

మిరేయా బరహోనా తాళాలు తీసే మనిషి.
మేనమామ పోయాక ఆయన సంచీ
ఈమె భుజం మీదికొచ్చింది.
"దోన్ ఆన్సెల్మో, కార్డులు కావాలి" అంటూ
ఓ చీటీ నా ముందు పెట్టింది:
తాళాలు, గొళ్ళేలు, ఇనప్పెట్టెలు, కారు తలుపులు,
విరిగిన చెవికి మారుచెవి, సైకిలు గొలుసులు,
చివర్న, చోటుంటే, ఆమె పేరు.

నేనేం తక్కువ తిన్నానా?
బంగారు రంగు పూశాను.
తీగలల్లుకున్న తాళంచెవి బొమ్మ వేశాను.
అంకెలు మాత్రం వెంట్రుకంత సన్నం,
ఎందుకంటే సన్నం అంటే నాజూకు.
ఐదొందలు.
నునుపు ఎంతంటే, బల్లమీద పెడితే జారిపోయేవి.

ఇంటింటికీ పంచింది.
రెండు నెలలు ఫోను నోరు మెదపలేదు.

జూలై వానలో తడిసి మళ్ళీ వచ్చింది.
పై కొండమీద ఒక పెద్దాయన నిన్న రాత్రి
చెత్త పారేద్దామని బయటికొస్తే
గాలికి తలుపు పడిందట.
చెవి లోపల, మనిషి బయట.
చెప్పుల్లేకుండా మూడు గంటలు మెట్లమీదే.
"నీ కార్డు ఉందమ్మాయ్" అన్నాడట పొద్దున,
"ఎంత ముచ్చటగా ఉందో! ఫ్రిజ్ తలుపుకి అంటించాను."

ఆమె నవ్వలేదు.
నాకు నవ్వొచ్చింది, మింగేశాను.

"బొమ్మ తీసెయ్యండి.
అంకెలు బొటనవేలంత కావాలి.
మెట్లదీపం నిమిషానికి ఆరిపోతుంది,
ఆ నిమిషంలో చదవాలి.
కళ్ళజోడు కూడా లోపలే ఉంటుంది కదా."

నలభై ఏళ్ళలో ఎవరూ నాతో
కళ్ళజోడు సంగతి అనలేదు.

పేరు ఉంచాం. ఆడమనిషి వస్తుందని
తలుపు బయట నిలబడ్డ ఆడమనిషికి తెలియాలి, అంది.
పేరు కింద ఒకే మాట: రాత్రయినా.
వెనకవైపు ఏమీ లేదు. గరుకు అట్ట,
పెన్సిలు పట్టేది.
ధర ముందే రాసిస్తానంది,
తలుపు తీశాక చెప్పే ధర దొంగతనంలా ఉంటుందట.

ఈసారి రెండొందలే.
ఏ ఇంటి కార్డు ఆ ఇంటికివ్వలేదు.
ఎదురింటికిచ్చింది.
రొట్టెల కొట్టుకి, రాత్రి కాపలావాడికి,
కొండమీదికి పెట్టె నడిపే కుర్రాడికి.
"మీకు కాదు, మీ పొరుగుకి" అంటూ.
కొందరు వింతగా చూశారట.
ఒకావిడ, మా పొరుగావిడతో నాకు మాటల్లేవు, అందట.
అయినా పుచ్చుకుందట.

ఆగస్టులో ఓ రాత్రి, పొగమంచు.
పొగాకు కోసం వీధిలోకి దిగాను, వెనక టక్కుమంది.
లోపల దీపం వెలుగుతోంది.
కిటికీలోంచి కనపడుతోంది కూడా,
గూట్లో ఆమె కార్డు నమూనా, నా చేతి పని.

నంబరు గుర్తు లేదా అంటే ఉంది.
కానీ నాకు అక్షరాలన్నీ తిరగేసే తెలుసు,
అద్దంలో పడ్డట్టు.
మూడు వెన్ను తిప్పుకుంది, ఏడు అటు చూస్తోంది,
ఏది ముందో ఏది వెనకో
తేల్చుకునేసరికి మెట్లదీపం ఆరిపోయింది.

రొట్టెల కొట్టులో తెల్లవారి పిండి కలుపుతున్నారు.
గల్లాపెట్టె పక్కన, పిండి వేలిముద్రల మధ్య,
బొటనవేలంత అంకెలు.
కళ్ళజోడు లేకుండానే చదివాను.

వచ్చింది. మూడు నిమిషాలు.
కార్డు వెనక రాసిన ధరలో
పైసా తగ్గించలేదు, నేను అడగనూ లేదు.
వెళ్తూ సంచీలోంచి ఇంకోటి తీసింది.
చెయ్యి చాపాను.

నన్ను దాటుకుని వెళ్ళి
ఎదురింటి తలుపు కొట్టింది.