నాలుక కింద

మిర్చి యార్డులో తుమ్ముకి శకునం లేదు.
అందరం తుమ్ముతాం, అందరి ముక్కులూ కారతాయి.
బిళ్ళ పడని పూట నా తుమ్ములు
ఘాటు తుమ్ముల్లో కలిసిపోయేవి.

మొదట నడుం నొప్పికే వేసుకున్నాను.
ఒక్క బిళ్ళతో నలభై టిక్కీలు మోసినా
ఒళ్ళు నాది కాదన్నట్టుండేది.
తర్వాత రెండు, తర్వాత అట్ట,
ఆ తర్వాత లెక్క మందులషాపు గోవర్ధనం ఖాతాలో ఉంటుంది.
ఆఖర్న నొప్పి లేదు, నడుమూ లేదు,
షట్టరు ఎప్పుడు లేస్తుందా అని చూసే కళ్ళు మిగిలాయి.

వజ్రమ్మ కనిపెట్టింది.
ఆదివారం, యార్డు సెలవు.
"ఇంట్లో ఘాటెక్కడిది? ఎందుకిట్టా తుమ్ముతున్నావు?"
జవాబు వెతికేలోపే చొక్కా తడిసిపోయింది.

ఇప్పుడు రోజూ పొద్దున గుంటూరు పెద్దాసుపత్రి,
చివరి వరండా.
సిస్టర్ సలోమి నాలుక కింద బిళ్ళ పెడుతుంది.
"కరిగేదాకా మాట్లాడకు, మింగకు."
బెంచీ మీద ఏడుగురం, నోళ్ళు మూసుకుని:
ఆటో తోలే మస్తాన్ వలి,
హాల్‌టికెట్టు జేబులో మడిచిన కుర్రాడు,
పేరు చెప్పని పెద్దమనిషి.
ఆనక నాలుకెత్తి చూపించాలి,
బెల్లం దొంగిలించి దొరికిన పిల్లల్లా.

చూడ్డానికొచ్చిన మేస్త్రీ నవ్వాడు:
"బిళ్ళ మానడానికి ఇంకో బిళ్ళంట్రా సైదులూ!"
ముల్లుని తీసేదీ ముల్లే కదా అందామంటే
ఇంకా కరగలేదు.

నిన్న రాత్రి నడుం నొప్పి పుట్టింది,
రెండేళ్ళ తర్వాత.
ఉప్పుమూట వేడిచేసి తెచ్చింది వజ్రమ్మ.
"ఎక్కడ?" అంది.
చెయ్యి వెనక్కి పెట్టి
ఇక్కడ, అని చూపించాను.