రేపు రా

సలాతిగాలో వాన. కౌన్సెలింగ్ గదిలో
గుండ్రంగా ఎనిమిది కుర్చీలు,
ఒకదానికి కాలు పొట్టి.
లస్త్రి టీచర్ ఏమీ అడగలేదు,
వేయించిన అరటిపళ్ల పళ్లెం తిప్పింది.

"చరిత్ర పుస్తకం తెరుస్తాను," అన్నాడు గలీహ్,
"పెన్సిల్ చెక్కుతాను. మళ్లీ చెక్కుతాను.
మొన తేలేసరికి అర్ధరాత్రి."

ఎవరో కిసుక్కుమన్నారు.
వెనింగ్ నవ్వలేదు:
"రాస్తేనే కదా తప్పులు కనబడేది.
తెల్లకాగితంలో ఒక్క తప్పూ ఉండదు."

నా ఒక్కదాని తలుపు మీదే అనుకున్నాను
ఆ రాత: రేపు రా.
హోంవర్క్ దయ్యం రోజూ వచ్చి, చదువుకొని,
బుద్ధిగా వెనక్కి పోయేది.
ఇక్కడ ఎనిమిది తలుపులు,
టీచర్‌దీ కలిపి.

గంట కొట్టారు. ఎవరూ మారిపోలేదు.
మెట్ల మీద, వాన తగ్గేలోపు,
గలీహ్ ఒక్క వాక్యం రాశాడు
మొద్దు పెన్సిల్‌తోనే.
వెనింగ్ గొడుగు పట్టింది,
కాగితానికి.