ఇక రెండే

ఫునాఫుటిలో దిగి
టోర్లీఫ్ జాబితా తీసి ఒక గీత కొట్టాడు.
ఇక రెండే.

సైరన్ ఆగింది.
రన్‌వే మీదికి పిల్లలూ కుక్కలూ
వాలీబాల్ నెట్టూ తిరిగొచ్చాయి.

ముద్ర వేస్తూ అడిగింది ఎసెతా:
"ఎన్నాళ్లుంటావు?"
"గురువారం విమానం దాకా."
"మా అత్త పసెమేటా ఇంట్లో పడుకో. చాపుంది."

రాత్రి పోటుకి నేల చెమ్మగిల్లి
నీళ్లు గుమ్మం దాకా పైకుబికాయి.
ముసలామె తన చెప్పులతోపాటు
అతని బూట్లనీ తీసి బల్లమీద పెట్టింది,
రోజూ చేసే పనే అన్నట్టు.

"మా తర్వాత ఏ దేశం?"
"నౌరు."
"అయ్యో, ముందే చెప్పకూడదూ!
అక్కడ మా మరదలుంది, సెపోలా.
ఓడరేవు వెనక, నీలం తలుపు.
ఈ చేప ఇచ్చి
కోపం తగ్గిందేమో కనుక్కో."

గురువారం. మబ్బుల పైన
నూట తొంభై ఒక్క దేశాల ముద్రల మీద
ఎండుచేప వాసన.
నీలం తలుపు తీస్తే
మొదట ఏమనాలో
గొణుక్కుంటున్నాడు.