మత్రాల మొదటి శుక్రవారం

రూవి కాడికెళ్లి నడిచే పో,
బస్సు పైసలు చాయ్‌కి అక్కరకొస్తయ్.

చేపల మార్కెట్ల బేరం జెయ్యకు. చూడు, అంతే.
మా మానేరుల గింత పెద్దయి లేవని
నా లెక్క గట్టిగ అనకు,
కాకినాడోళ్లు ఇంకా నవ్వుతున్నరు.

సూక్‌ల ఊదు పొగకు పైసలడగరు.
అంగీకి పట్టిచ్చుకో,
రెండొద్దులు సిమెంటు వాసన దాగుతది.

ఫోటో దిగేముందు
జుట్టు ముంగటికి దువ్వు,
హెల్మెట్ గీత ఇంటోళ్ల కండ్లవడొద్దు.

ఇదంత లస్మన్న పాఠం.
రూముల కొత్తగ ఎవరొచ్చినా ఇదే.

ఒక్కటి మాత్రం చెప్పలే:
ముప్పయ్యేండ్లకు మొదటిపారి సముద్రం జూసినోడు
అటిటు జూసి, మెట్లు దిగి,
దోసెడు నోట్లె వోసుకుంటడని.

బడిల చెప్పింది నిజమే, ఉప్పు.
ఊంచిన.
ఎందుకో
మల్లొక దోసెడు దీసిన.