రెండో భాగం

మొదటి భాగం ఎక్కడ ఆపానో గుర్తుందా అంటే
ముగ్గురూ ఒక్కసారే అన్నారు:
"వాడు నీళ్ళలో ఉన్నాడు."

అవును. మర్‌జూక్ నీళ్ళలోనే ఉన్నాడు.
ముక్కుకి తాబేటిచిప్ప క్లిప్పు, చెవుల్లో మైనం,
కాలికి రాయి, మెడలో ముత్యపుచిప్పల బుట్ట,
నడుముకి తాడు.
ఆ తాడు రెండో కొస పట్టుకుని
తలపాగా చుట్టి, మగవేషంలో, పడవ మీద మా వరహాలు.
ఒక్క తుమ్ము తుమ్మేసరికి
నూట ముప్ఫై ఏళ్ళు ఇవతల
ముహర్రక్‌లో ఈ దర్జీకొట్టు వెనక గదిలో పడింది,
అరచేతిలో తాడు ఒరుసుకుపోయిన గాటుతో.

ఆ శుక్రవారం ఎవరూ సరిగా నిద్రపోలేదు.
మార్తమ్మ వాడి కోసం ప్రార్థన కూడా చేసింది.
"కథలో మనిషే" అన్నాను.
"అయితే మాత్రం, ఊపిరాడద్దా?" అంది.

ఇప్పుడు రెండో భాగం చెప్పాలి.
చెప్పబోతే తెలిసింది చిక్కు.
వాడు మునిగిన చోట ఇప్పుడు సముద్రం లేదు.
మట్టి పోసి, రాళ్ళు పోసి, తారు పోసి
బళ్ళు నిలుపుకోడానికి పసుపు గీతలు గీశారు.
వాడు ఊపిరి కోసం పైకొస్తే
నెత్తికి తగిలేది తారే.

పోనీ ఈమెనే వెనక్కి పంపుదామంటే
ఆ దారీ మూసుకుపోయింది.
ఉప్పునీళ్ళ అడుగున తియ్యటి ఊట ఉండేది.
తోలుతిత్తి పట్టుకుని మునిగి
తాగే నీళ్ళు సముద్రంలోంచే తెచ్చుకునేవాళ్ళు.
వరహాలు ఆ కాలంలోకి జారింది ఆ ఊట నోట్లోంచే.
అది ఎప్పుడో ఎండిపోయిందని కొట్టు యజమాని ముసలి హాజీ చెప్పాడు,
గుమ్మడిగింజలు ఒలుచుకుంటూ,
బొత్తాలు అయిపోయాయని చెప్పినట్టు.

"పోవడానికి ఊట, రావడానికి తుమ్మా?
ఇదేం లెక్క" అంది ఖాదర్‌బీ.
ఆమెకి అన్నీ అనుమానాలే.
"సరే, వాడే వచ్చాడనుకో.
సీపీఆర్ కార్డు లేని మగాణ్ణి ఎక్కడ దాస్తుంది?
పడవ నాఖుదా దగ్గర వాళ్ళ నాన్న అప్పుందన్నావు,
నూట ముప్ఫై ఏళ్ళకి వడ్డీ ఎంత?"
వేళ్ళు తెరిచి లెక్క మొదలుపెట్టింది కూడా.
రాయచోటి ఏజెంటు గుర్తొచ్చాడేమో,
మధ్యలోనే ముడుచుకుంది.

"మొదటి భాగంలో ముద్దు కూడా లేదు"
గోళ్ళు కత్తిరించుకుంటూ రూపవతి.
లేదు నిజమే.
వాళ్ళిద్దరి మధ్యా ఉన్నదల్లా తాడు.
కింద వాడి గుండె కొట్టుకుంటే
పైన ఈమె వేళ్ళకి తెలిసేది.
ఒక్క గుంజు గుంజితే లాగమని.
ఒకరి భాష ఒకరికి రాని ఇద్దరికీ
వచ్చిన మాట అదొక్కటే.

అందుకని ఈ రాత్రి ఇలా చెప్పాను:

రోజూ కుట్టుపని అయ్యాక వరహాలు
పసుపు గీతల మధ్య పద్నాలుగో గడిలో కూచుంటుంది.
బట్టలారేసే తాడు ఒక కొస తారు పగుల్లోకి దూర్చి
రెండో కొస చేతికి చుట్టుకుని.
కాపలా కాసే నేపాలీ అబ్బాయి మొదట్లో లేపేసేవాడు.
తరవాత్తరవాత
ఆ గడిలో ఎవరినీ బండి పెట్టనివ్వడం మానేశాడు.

"తరవాత?"
"తరవాత ఏముంది. పట్టుకుని ఉంది."
"ఏమీ జరగని భాగమేంటే!"
రూపవతి విసుక్కుని లైటు ఆర్పేసింది.

ఏసీ నీళ్ళు బకెట్‌లో చుక్క చుక్కగా.
ఎంతసేపటికో మార్తమ్మ గొంతు,
"తాడు పొడుగు చాలుతుందా?"
చాలదేమో అన్నాను.

లేచింది. మంచం కింద పెట్టె లాగిన చప్పుడు.
ఊరికి పంపే సామాను కట్టడానికి దాచుకున్న
నీలం నైలాను తాడు చుట్ట
నా దిండు పక్కన పెట్టి
"దీన్ని కలిపి ముడెయ్యి" అంది.
"గట్టిగా వెయ్యి, తడిస్తే జారుద్ది."