నాలుగూ పదిహేడు

మూడు వారాలుగా చెంగల్రాయుడి పెట్టెలో
ఒకటే సాయంత్రం.

"తెల్లార్తో చూసినా సందేళే అంటాదమ్మా,
పొద్దుగూకినాక చూసినా సందేళే.
నా చామంతికి మాత్రం ఎండే ఎండ"
అంటూ గుడిపాల బస్సులో మోసుకొచ్చి
గ్రీమ్స్‌పేట అంగట్లో నా బల్ల మీద దించాడు,
గోనెపట్టాలో చుట్టి,
జబ్బు చేసిన కోడిపెట్టను తెచ్చినట్టు.

మూత విప్పాను.
ఒక చీమల బారు, కాస్త ఎర్రమట్టి,
నేను అతికించిన సీసం చుక్కలు నిగనిగమంటూనే ఉన్నాయి.

మోటారును లేపే చిప్పుంది చూశారూ,
బుర్ర గట్టిదే. గుర్తే లేదు దానికి.
కరెంటు పోతే పోతుంది, వస్తే కొత్తగా పుడుతుంది,
పుట్టగానే ఇది ఏ కాలమని అడుగుతుంది.
అందుకే పక్కన ఒక చిన్న గడియారాన్ని కూర్చోబెట్టాను.
కడుపులో స్ఫటికం,
సెకనుకు ముప్ఫైరెండు వేల చిల్లర ఊగులు,
వీపున రూపాయి బిళ్ళంత బ్యాటరీ.
ఊరంతా చీకటైనా తన లెక్క తనది.
ఏప్రిల్లో పెట్టె పెనంలా కాలినా
ఒంటివేడి తానే చూసుకుని నడక సర్దుకుంటుంది.

తప్పు దానిది కాదు.

ప్రోగ్రాము మొదట్లో నేను రాసిన ఒక వరస:
'నన్ను రాసిన నిమిషమే ఇప్పుడు' అని
గడియారానికి నూరిపోసే వరస.
మొదటిసారికని పెట్టి, తీయడం మరిచాను.
కరెంటు వచ్చిన ప్రతిసారీ
అన్నీ గుర్తున్నదాని చెవి మెలేసి
ఆగస్టు పద్నాలుగు, సాయంత్రం నాలుగూ పదిహేడు
అని చెప్పించాను.

అక్కణ్ణించి తెల్లారుజాము అయిదుకు
పన్నెండు గంటల నలభైమూడు నిమిషాల నడక.
అంతసేపు తెగకుండా
గుడిపాల లైను ఎన్నడు నిలిచింది?
ఆ తోటలో మూడు వారాలు
అయిదు కొట్టనే లేదు.

నాలుగూ పదిహేడు.
నాకు గుర్తుంది.
రేకుల మీద వాన. ఎదురు బల్ల దగ్గర ముబీనా,
టంకం పొగను ఉఫ్ అని ఊదుతూ,
కోదండయ్య దగ్గును అనుకరించి నన్ను నవ్వించి
నా చేత ఒక తీగ తప్పు చోట అతికించింది.
మరుసటి సోమవారం శ్రీసిటీలో ఫోన్ల కంపెనీకి పోయింది.
ఆ బల్ల మీద ఇప్పుడు కాలిన స్టార్టర్లు పెడుతున్నాం.

నేను రాక ఆ నిమిషం
గుడిపాలలో, చామంతి మళ్ళ గట్టున,
రోజుకు నాలుగైదుసార్లు వచ్చి పోతూ ఉండిందన్నమాట.

చెంగల్రాయుడు టీ తాగి, గ్లాసు కడిగి మరీ పెట్టి
"అయిందా తల్లా?" అన్నాడు.

వరస కొట్టేయలేదు. ముందొక ప్రశ్న చేర్చాను:
గడియారమా, నీ బ్యాటరీ ఎప్పుడైనా ఆగిందా?
ఆగిందంటేనే దిద్దాలి.
లేదంటే చేయి పెట్టకూడదు.
ఇంత చిన్న మర్యాద
మూడు వారాల కింద తోచలేదు నాకు.

ఇంతలో లాప్‌టాప్‌ను కోదండయ్య బిల్లులకు పట్టుకుపోయాడు.
చేతి గడియారం చూసుకుంటూ
రెండు మీటలు నొక్కి టైము పెట్టాను.
మూడుసార్లు ప్లగ్గు పీకి, మూడుసార్లు గుచ్చాను.
మూడుసార్లూ అది
మాతో పాటే ఉంది.

మర్నాడు చీకటితోనే ఫోను.
మాట లేదు. మోటారు గురగుర,
పైపులో గాలి తెగి నీళ్ళు అందుకున్న చప్పుడు,
ఆ వెనక ఆయన:
"అయిదు కొట్టిందమ్మా!"

ఫోను మీద చూస్తే నాలుగూ యాభైఎనిమిది.

మణికట్టు తడుముకున్నాను.
పలమనేరు బస్సు రోజూ తప్పిస్తానని
ముబీనా కదూ దీన్ని రెండు నిమిషాలు
ముందుకు తిప్పింది.

టైము సరిచేయాలి, ఒకసారి పెట్టె తెండి
అని చెప్పబోయి,
"చివరి సాలుకు నీళ్ళు అందినాయా?"
అని అడిగాను.